సముద్రం దాటి వచ్చే దీపాలు: అడ్వాన్సు కట్టే ముందు చూడవలసినవి

కొల్లిపర: దుగ్గిరాల యార్డుకు పసుపు తోలిన ప్రతి రైతుకూ ఒక సంగతి తెలుసు. కొనే వర్తకుడు బస్తా మూతి దగ్గర కనిపించే కొమ్మును చూసి ధర చెప్పడు. లోపలికి చెయ్యి పోనిచ్చి, అడుగునున్న కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూసి, అప్పుడు నోరు విప్పుతాడు. ఇంతటి జాగ్రత్త ఎరిగిన ప్రాంతంలో కూడా దీపాల దగ్గరకు వచ్చేసరికి ఆ విద్య మరచిపోయేవారు ఉన్నారు. సెల్‌ఫోనులో నాలుగు బొమ్మలు, ఒక నిమిషం వీడియో చూసి, ముఖమెరుగని విదేశీ వర్తకునికి అడ్వాన్సు పంపడానికి సిద్ధపడుతున్నారు.

పెళ్ళిళ్ళ రోజులలో మున్నంగి, వల్లభాపురం, తూములూరు, దావులూరు, ఏ ఊరికి వెళ్ళినా దీపాల తోరణం లేని పెళ్ళివారిల్లు కనిపించదు. పెట్రోమాక్సు లైట్లు నెత్తిన పెట్టుకుని ఊరేగింపు ముందు నడిచిన రోజులు పెద్దవాళ్ళకు గుర్తే. తరువాత ట్యూబులైట్లు వచ్చాయి, రంగుకాగితం చుట్టిన బల్బులు వచ్చాయి. ఇప్పుడు అంతా ఎల్.ఇ.డి. సీరియల్ దండలు, ఫోకస్ లైట్లు, రంగులు మార్చే పార్ లైట్లు, నీళ్ళు జారినట్టు కనిపించే దీపపు తెరలు. శివరాత్రికి కోటప్పకొండ దిగువన నిలిచే విద్యుత్ ప్రభల సంగతి వేరే చెప్పాలా! ఎనభై తొంభై అడుగుల ఎత్తు ప్రభకు పట్టే దీపాలెన్నో లెక్కించడం కట్టినవారికే కష్టం.

ఎల్.ఇ.డి. బల్బుతో మన జిల్లాకు ప్రత్యేకమైన పరిచయమే ఉంది. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటికీ ఈ బల్బులు ఇచ్చే పథకాన్ని మొదట అమలు జరిపిన నాలుగు జిల్లాలలో గుంటూరు ఒకటి. అప్పటికి బాపట్ల, రేపల్లె కూడా ఈ జిల్లాలోనివే. పాత 60 వాట్ల బల్బు తీసుకువెళ్ళి ఇస్తే, ఒక్కొక్కటి 10 రూపాయల చొప్పున 7 వాట్ల కొత్త బల్బులు రెండు ఇచ్చారు. నీలి రంగు ఎల్.ఇ.డి. కనిపెట్టిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమతి వచ్చిందీ ఆ ఏడాదే. అదే పథకం దేశమంతటా ఉజాలా పేరుతో సాగి, 36 కోట్లకు పైగా బల్బులు పంచింది. ప్రభుత్వ సంస్థ టోకున కొన్న ధర 2014 మొదట్లో బల్బుకు 310 రూపాయలుంటే, 2016 నాటికి 38 రూపాయలకు దిగింది.

ధర ఇలా పడిపోవడం మంచికే వచ్చింది. కానీ దాని వెంటే ఒక చిక్కూ వచ్చింది. ఎంత చౌక చెప్పినా నమ్మబుద్ధి వేయడం జనానికి అలవాటైపోయింది.

ఎక్కడి సరకు?

మన సప్లయ్ కంపెనీలవారు దీపాలు కొనేది విజయవాడ గవర్నర్‌పేటలోనో, హైదరాబాదు ట్రూప్ బజారులోనో. పెద్ద బేరమైతే ఢిల్లీ భగీరథ్ ప్యాలెస్ దాకా వెళ్ళేవారూ ఉన్నారు. ఆ కొట్లలోని అలంకరణ దీపాలలో పెద్ద భాగం చైనా సరకే. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని గుజెన్ అనే పట్టణం బతికేదే దీపాల తయారీ మీద. చిల్లర సామగ్రికి యివూ పెద్ద అంగడి. గ్వాంగ్‌జౌలో ఏటా వసంతంలోనూ శరత్తులోనూ జరిగే కాంటన్ ఫెయిర్‌కు ప్రపంచం నలుమూలల నుంచీ వర్తకులు వెళతారు.

మధ్యవారిని తప్పించి నేరుగా అక్కడి నుంచే తెప్పిస్తే నాలుగు డబ్బులు మిగులుతాయి గదా అన్న ఆలోచన సహజం. తప్పు కూడా కాదు. అయితే అలా తెప్పించేవాడు అప్పటిదాకా మధ్యవాడు మోసిన భారాలన్నీ తన నెత్తికెత్తుకుంటున్నాడు. అవి ఏమిటో తెలియకుండా ఎత్తుకోవడమే తప్పు.

బిల్లు మీద లక్ష, గోదాములో ఎంత?

మొదటి పొరపాటు ధర దగ్గరే జరుగుతుంది. ఫ్యాక్టరీవాడు చెప్పే ధర సాధారణంగా వాళ్ళ రేవులో ఓడకెక్కించేవరకే. ఓడ కిరాయి, బీమా కలిపిన మొత్తం మీద మన కస్టమ్స్‌వారు సుంకం కడతారు. సుంకం రేటు బడ్జెట్లలో మారుతూ ఉంటుంది గనుక ఆర్డరు ఇచ్చేనాటి రేటు క్లియరింగ్ ఏజెంటును అడిగి తెలుసుకోవాలి. లెక్క తీరు మాత్రం ఇది. కిరాయి, బీమాతో సరకు విలువ 1,00,000 రూపాయలు, సుంకం 20 శాతం అనుకుందాం. సుంకం 20,000. దాని మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌చార్జి 2,000. ఈ మొత్తం 1,22,000 మీద 18 శాతం జి.ఎస్.టి. 21,960. వెరసి 1,43,960. ఎల్.ఇ.డి. దీపాల మీద జి.ఎస్.టి. 12 నుంచి 18 శాతానికి పెరిగింది 2022 జూలైలో. పాత లెక్క పట్టుకుని కూర్చున్నవారు అక్కడే దెబ్బతింటారు.

జి.ఎస్.టి. రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికి ఆ పన్ను తరువాతి లెక్కల్లో జమ అవుతుంది. లేనివారికి అది పూర్తిగా ఖర్చే. పైగా రేవు చార్జీలు, ఏజెంటు ఫీజు, చెన్నై నుంచి తెనాలికి లారీ కిరాయి ఉండనే ఉన్నాయి. కాగితం సరిగా లేక కంటైనర్ నిలిచిపోతే రోజుకింతని అద్దె పడుతుంది. ఇవన్నీ కలిపి దండ ఒక్కింటికి ఎంత పడిందో లెక్కగట్టి, అప్పుడు గవర్నర్‌పేట ధరతో పోల్చి చూడాలి. కొద్ది సరకు తెప్పించుకునేవారికి చాలాసార్లు గవర్నర్‌పేటే నయమనిపిస్తుంది.

ఇక్కడ మరొక ప్రలోభం ఎదురవుతుంది. "బిల్లు సగం విలువకే వేసి పంపుతాం, సుంకం కలిసివస్తుంది" అని అవతలివారే అడుగుతారు. ఒప్పుకోరాదు. విలువ తగ్గించినట్టు తేలితే సరకు జప్తుకు, జరిమానాకు 1962 నాటి కస్టమ్స్ చట్టంలో వీలుంది. మరో సంగతి కూడా ఉంది. దారిలో సరకు పాడైనా, పోయినా, బీమావాడు ఆ సగం బిల్లునే చూస్తాడు.

వ్యాపారానికి తెప్పించేవారికి విదేశీ వాణిజ్య డైరెక్టరేటు ఇచ్చే ఐ.ఇ.సి. కోడు ఉండాలి. ఇంటర్నెట్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. డబ్బు బ్యాంకు ద్వారానే వెళ్ళాలి. సరకు వచ్చిన తరువాత కస్టమ్స్ కాగితం బ్యాంకుకు చూపాలి. వేరెవరి చేతనో అక్కడ ఇప్పిస్తామనే హవాలా దారి పట్టినవాడికి రేపు మోసం జరిగితే ఫిర్యాదు చేసేందుకు నోరుండదు.

ఆర్ నంబరు లేకపోతే

అసలు చిక్కంతా ఇక్కడ ఉన్నది. ఎల్.ఇ.డి. బల్బులు, వాటి డ్రైవర్లు, వీధిదీపాలు, ఫ్లడ్ లైట్లు, సీరియల్ దండలు, ఇవన్నీ భారత ప్రమాణాల సంస్థ దగ్గర తప్పనిసరిగా నమోదు కావలసిన సరకుల జాబితాలో ఉన్నాయి. ఆ నమోదు లేని సరకు దిగుమతి చేయడానికి గాని, నిలవ చేయడానికి గాని, అమ్మడానికి గాని వీలులేదు. రేవులో పట్టుబడితే తిప్పి పంపాలి, లేదా పనికిరాకుండా నలగ్గొట్టి తుక్కు కింద పారవేస్తారు. రెండు ఖర్చులూ తెప్పించినవాడివే.

నమోదు అమ్మేవాడి పేర కాక, తయారుచేసే ఫ్యాక్టరీ పేర జరుగుతుంది. ఆ సరకును భారతదేశంలోని గుర్తింపు పొందిన లేబొరేటరీలో పరీక్ష చేయించాలి. విదేశీ ఫ్యాక్టరీ అయితే ఇక్కడ ఒక అధీకృత ప్రతినిధిని పెట్టుకోవాలి. అన్నీ సరిపడితే ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిదంకెల నంబరు ఇస్తారు. బల్బుకు సంబంధించిన భద్రతా ప్రమాణం సంఖ్య ఐ.ఎస్. 16102. దీపాల అమరికలకు ఐ.ఎస్. 10322.

అవతలివారు పంపే సర్టిఫికెట్ల దొంతర చూసి మురిసిపోవద్దు. సి.ఇ. ముద్ర ఐరోపా దేశాలకు సంబంధించినది. చాలా సరకులకు తయారీదారు తనకు తాను వేసుకునేదే. దానితో మన కస్టమ్స్‌కు పనిలేదు. ఆర్ నంబరు చెప్పమనాలి. చెప్పిన నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో వేసి చూస్తే అది ఏ ఫ్యాక్టరీది, ఏ బ్రాండుది, ఏ సరకుకు ఇచ్చారు, ఇప్పుడు అమలులో ఉన్నదా లేదా అన్నీ తెలుస్తాయి. వేరే ఫ్యాక్టరీ నంబరు అచ్చువేసి పంపేవారున్నారు. చార్జరుకు వచ్చిన నంబరును దీపం మీద వేసేవారూ ఉన్నారు. ఈ రెండు నిమిషాల పని చేయనందుకు కంటైనరంతా పోగొట్టుకోవలసి వస్తుంది.

నమోదుతో పాటు డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, గరిష్ఠ చిల్లర ధర, నెల, సంవత్సరం, ఫిర్యాదుకు ఫోను నంబరు తూనికలు కొలతల నిబంధనల ప్రకారం ఉండాలి. బల్బులకైతే 2018 నుంచి నక్షత్రాల లేబులు కూడా తప్పనిసరి.

రేవు దాటి వచ్చేసింది గదా, అంగట్లో ఉన్నదంతా మంచిదే అనుకోవద్దు. దీపాల తయారీదారుల సంఘం తరఫున నీల్సన్ సంస్థ 2017లో హైదరాబాదుతో సహా నాలుగు నగరాలలోని 200 కొట్లలో సర్వే జరిపింది. ఎల్.ఇ.డి. బల్బు బ్రాండ్లలో 76 శాతం భద్రతా నిబంధనలకు సరితూగలేదు. సర్వే చేయించినవారు పెద్ద కంపెనీల సంఘంవారు గనుక వారి వ్యాపార ప్రయోజనం కొంత ఉండవచ్చు. అయినా, డబ్బా మీద తయారీదారు పేరే లేని బల్బులు మన వీధి కొట్లలో కూడా చూస్తున్నవే గదా.

మన కరెంటుకు తట్టుకుంటుందా?

అమెరికాలో ఉన్న పిల్లలు క్రిస్మస్ వెళ్ళాక సగం ధరకు దొరికాయని సీరియల్ దండలు పెట్టెలో వేసుకు వస్తారు. ఈ చుట్టుపక్కల అమెరికాలో పిల్లలున్న ఇళ్ళకు కొదవలేదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. పిన్నులు మార్చే అడాప్టరు వోల్టేజిని మార్చదు. నేరుగా పెడితే దండ ఒక్క క్షణం ధగధగలాడి మాడిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ ఉంటేనే వాటిని వెలిగించాలి. ప్లగ్గు దగ్గర 100 నుంచి 240 వోల్టులని రాసి ఉన్నవి మాత్రం నేరుగా పనిచేస్తాయి.

చైనా కరెంటు 220 వోల్టులే గనుక ఆ పేచీ లేదు. కానీ అక్కడ మర హోల్డరు వాడకం, మనకు ఎక్కువగా పిన్ను హోల్డరు. ఆర్డరులో ఆ ముక్క రాయకపోతే వెయ్యి బల్బులకు వెయ్యి అడాప్టర్లు కొనుక్కోవలసి వస్తుంది.

అంతకంటె ముఖ్యమైనది, పల్లెటూరి కరెంటు కాగితం మీద చెప్పినట్టు 230 దగ్గర నిలబడదు. మోటార్లు ఆడేటప్పుడు కిందికి దిగుతుంది, రాత్రి ఎక్కుతుంది. పందిట్లో వేసే తాత్కాలిక లైనులో న్యూట్రల్ తీగ ఊడిందంటే, మూడు ఫేజులలో ఏదో ఒకదాని మీద 400 వోల్టుల దాకా పడవచ్చు. కరెంటు పోయి జనరేటర్‌కు మార్చినప్పుడల్లా ఒక కుదుపు తప్పదు. ఇవన్నీ మోసేది బల్బులోని డ్రైవరు. చౌక బల్బులో ధర తగ్గించేది అక్కడే. వెలుగు చుక్క ఏళ్ళ తరబడి బాగానే ఉంటుంది, డ్రైవరు ఆరు నెలల్లో చచ్చిపోతుంది. ఆర్డరు రాసేటప్పుడు ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా పనిచేయాలో, కుదుపుకు రక్షణ ఎంతో అంకెలతో రాయించుకోవాలి. ఆరుబయట పెట్టేవాటికి నీరు, దుమ్ము చొరకుండా ఐ.పి. 65 స్థాయి అడగాలి. కృష్ణ గట్టున శ్రావణమాసపు పెళ్ళిళ్ళకు వాన తగలకుండా పోదు.

వాట్లు చూసి కొనడం పాతకాలపు అలవాటు. కొనవలసినది ల్యూమెన్లను, అంటే వెలుగును. పాత 60 వాట్ల బల్బు వెలుగు సుమారు 700 ల్యూమెన్లు. అంత వెలుగు ఏడెనిమిది వాట్లలో వస్తే మంచి ఎల్.ఇ.డి. పదిహేను వాట్లని రాసి అంతే వెలుగిస్తే ఆ రాత అబద్ధమన్నా కావాలి, సరకు నాసిరకమన్నా కావాలి.

సొంత ఊరికి సోలార్ వీధిదీపాలు వేయిస్తామని ముందుకు వచ్చే ప్రవాసులు ఈ లెక్క తప్పక గమనించాలి. దీపం, పలక, బ్యాటరీ ఒకే పెట్టెలో ఉండి, మీద 300 వాట్లని అచ్చువేసినవి చౌకగా అమ్ముతున్నారు. నిట్టనిలువు ఎండలో చదరపు మీటరుకు పడే శక్తి వెయ్యి వాట్లు. మంచి పలక అందులో ఐదో వంతు కరెంటుగా మారుస్తుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక ఇవ్వగలిగేది 40 వాట్ల లోపే. మరి ఆ 300 ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాటరీదీ అంతే. 3.2 వోల్టులు, 20 ఆంపియర్ అవర్లు అంటే 64 వాట్ అవర్లు. పది వాట్ల దీపం ఆరు గంటలు వెలుగుతుంది, తెల్లవారుజామున పొలం వెళ్ళే మనిషికి వెలుగుండదు. దాత పేరు మాత్రం స్తంభం మీద ఉంటుంది.

నమూనా ఒకటి, సరకు మరొకటి

నమూనా తెప్పించుకోకుండా ఆర్డరు ఇవ్వరాదని అందరికీ తెలుసు. నమూనా ఎప్పుడూ బాగానే ఉంటుందన్నదే తెలియవలసిన ముక్క. దాన్ని మూడు రోజులు ఆర్పకుండా వెలిగించి వేడి చూడాలి. వాట్లు కొలిచే మీటరు పెట్టి చూడాలి. ఒకదాన్ని నిర్దాక్షిణ్యంగా విప్పాలి. తీగకు అయస్కాంతం అంటుకుంటే అది రాగి కాదు, మీద రాగి పూత ఉన్న ఇనుము. పందిరి గుడ్డల మీద, ఎండిన పూల మీద ఆ తీగ వేడెక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. తడిసిన నేల మీద చెప్పుల్లేకుండా తిరిగే పిల్లలుండే చోట తొక్క పలచనైన తీగ ప్రాణాంతకం. ఎక్కడి దీపాలు కొన్నా, పందిరి లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించడం మాత్రం మానరాదు.

నచ్చిన నమూనాలు రెండిటి మీద సంతకాలు చేసి ఒకటి మీ దగ్గర, ఒకటి వారి దగ్గర ఉంచాలి. ఒప్పందంలో దానితో సరిపోలాలని రాయాలి. సరకు కట్టకముందే తనిఖీ చేసే సంస్థలు ఎస్.జి.ఎస్., ఇంటర్‌టెక్, బ్యూరో వెరిటాస్ వంటివి ఉన్నాయి. వాటి మనిషి ఫ్యాక్టరీకి వెళ్ళి పెట్టెల మధ్యలోంచి తీసి చూస్తాడు. ఇదే మన పసుపు కొమ్ము విరవడం. దాని ఫీజు కొద్ది సరకుకు భారంగానే ఉంటుంది. నలుగురు సప్లయ్ కంపెనీలవారు కలిసి తెప్పించుకుంటే భారం తగ్గుతుంది. మన దగ్గర ఇటువంటి ఉమ్మడి కొనుగోలు కుదరక కాదు, ఎవరి ధర వారు దాచుకునే అలవాటు వలన జరగడం లేదు.

విడిభాగాలు మొదటి సరకుతోనే తెప్పించుకోవాలి. నూటికి నాలుగైదు డ్రైవర్లు అదనంగా అడిగితే చాలామంది ఉచితంగానే వేస్తారు. చెడిన దీపాలను తిప్పి పంపడమన్నది మాటవరసకే, కిరాయి దీపం వెలను మించిపోతుంది.

డబ్బు ఎవరి ఖాతాకు?

వ్యాపారంలో మామూలుగా 30 శాతం ముందు, మిగిలిన 70 శాతం సరకు తయారైన తరువాత. ఆ 70 తనిఖీ అయ్యాకనే కట్టాలి. మొత్తమంతా ముందే కావాలన్నవారి దగ్గర ఆగిపోవడం మంచిది. కంపెనీ పేరొకటి, బ్యాంకు ఖాతా ఎవరో మనిషి పేర ఉన్నా అంతే.

ఈమధ్య ఎక్కువగా వినిపించే మోసం ఇంకొకటి. ఉత్తరప్రత్యుత్తరాలన్నీ నిజమైన కంపెనీతోనే జరుగుతాయి. సరిగ్గా డబ్బు కట్టే వేళకు, "మా ఖాతా ఆడిటులో ఉంది, ఈ కొత్త ఖాతాకు పంపండి" అని ఈమెయిల్ వస్తుంది. చిరునామాలో ఒక్క అక్షరం తేడా ఉంటుంది. ఎవరో మధ్యలో దూరి చదువుతున్నారన్నమాట. ఖాతా మారిందంటే మొదట ఎరిగిన నంబరుకు ఫోను చేసి, మనిషి గొంతు విని, అప్పుడు పంపాలి. పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి. గంటలు గడిచేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇళ్ళలో వాడకానికి ఒకటి రెండు కొనేవారు అలీ ఎక్స్‌ప్రెస్ వంటివి 2020 నవంబరులోనే మన దేశంలో నిషేధమయ్యాయని గుర్తుంచుకోవాలి. ఇప్పుడు ఫేస్‌బుక్, వాట్సాప్‌లలో కనిపించే "ఫ్యాక్టరీ ధర" ప్రకటనలలో చాలావాటి వెనుక చిరునామా ఉండదు. మన దేశంలో కొన్న దీపానికైతే 1915 నంబరు ఉంది, గుంటూరులో వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం కొన్నవారు తామున్న చోటే ఫిర్యాదు చేయవచ్చు. వ్యాపారానికి కొన్నవారు ఆ చట్టం కిందికి రారు. అయితే స్వయంగా పనిచేసి పొట్టపోసుకునే చిన్న సప్లయ్ వ్యాపారికి అందులో మినహాయింపు ఉంది. విదేశీ వర్తకుని మీద తీర్పు వచ్చినా దాన్ని అక్కడ అమలు జరిపించడం వేరే కథ.

ముహూర్తం ఆగదు

చైనావారి కొత్త సంవత్సరం చాలా ఏళ్ళలో మన పుష్య అమావాస్య ప్రాంతంలో వస్తుంది. 2025లో జనవరి 29న రెండూ ఒకే రోజు పడ్డాయి. ఆ పండుగకు పనివాళ్ళంతా ఊళ్ళకు పోయి ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. మన మాఘమాసపు పెళ్ళిళ్ళు, శివరాత్రి ప్రభలు సరిగ్గా అప్పుడే. పండుగ ముందు హడావిడిగా కట్టి పంపే సరకులో లోపాలు ఎక్కువని దిగుమతి వ్యాపారులు చెప్పుకుంటారు. తయారీకి నెల, ఓడలో రెండు మూడు వారాలు, చెన్నై రేవులో కాగితాలకు మరికొన్ని రోజులు. మాఘానికి దీపాలు కావలసినవారు దసరా నాటికి నమూనా ఖాయం చేసి, దీపావళి లోపు అడ్వాన్సు కట్టి ఉండాలి. కార్తీకం దాటాక మొదలుపెట్టేవారు ఈ ఏటికి గవర్నర్‌పేటకు బస్సెక్కడమే మేలు.